అన్‌ఇన్‌స్టాల్ అనే అధ్యాయం

రాక్‌బాక్స్ మాన్యువల్‌లో నాకు అన్నిటికన్నా నచ్చిన భాగం పాటలు ఎలా వినాలో చెప్పేది కాదు. దాన్ని ఎలా తీసెయ్యాలో చెప్పేది. ఇన్‌స్టాల్ చేసే పద్ధతి చెప్పిన అధ్యాయంలోనే, మనం ఇంకా వాడటం మొదలుపెట్టకముందే, వద్దనుకుంటే ఇలా వదిలించుకోండి అని రాసిపెట్టి ఉంటుంది. బతిమాలడం లేదు. ఎందుకు వెళ్ళిపోతున్నారో చెప్పమని ప్రశ్నాపత్రం లేదు. ఈ ఫోల్డర్ తుడిచెయ్యండి, కంపెనీ ఇచ్చిన ఫైలు మళ్ళీ పెట్టండి, మీ ప్లేయర్ కొన్ననాడు ఎలా ఉందో అలా అయిపోతుంది. అంతే.

మీ ఫోన్‌తోపాటు వచ్చిన చిన్న పుస్తకంలో ఇలాంటి పేజీ ఉందేమో వెతకండి. మీ టీవీ పుస్తకంలో? పిల్లల చదువు యాప్‌లో?

మొన్న ఒక పుస్తకావిష్కరణ అయ్యాక బయట టీ తాగుతూ ఈ మాటే అంటే ఒక కవిమిత్రుడు నవ్వాడు. "ఇవన్నీ మీ సాఫ్ట్‌వేర్ వాళ్ళ సరదాలు బాస్. సాహిత్యానికీ దీనికీ ఏం సంబంధం?" అన్నాడు. అతని రెండో సంపుటి నిండా రెక్కలు, పంజరాలు, ఆకాశాలు. జేబులో ఉన్న ఫోన్‌లో మాత్రం అతను అడగనివి, తీసెయ్యడానికి వీల్లేనివి పదో పన్నెండో యాప్‌లు. ఆ పంజరం కవితావస్తువు కాదట. అప్పుడు నేనేమీ అనలేదు, టీ చల్లారిపోతోంది. ఇప్పుడు అంటున్నాను.

తెలియనివాళ్ళకి ముందు రెండు ముక్కలు. పాటల ప్లేయర్ అంటే నిజానికి చిన్న కంప్యూటర్. బటన్ నొక్కితే ఏం జరగాలి, తెరమీద ఏం కనపడాలి, ఫైలుని ధ్వనిగా ఎలా మార్చాలి అని చెప్పే ప్రోగ్రామ్ దానిలో ఉంటుంది. అదే ఫర్మ్‌వేర్. కంపెనీ పెట్టినది తప్ప ఇంకొకటి ఉండొచ్చని చాలామందికి తట్టదు. 2001 చివర్లో స్వీడన్‌లో కొందరికి తట్టింది. ఆర్కోస్ అనే ఫ్రెంచి కంపెనీ హార్డ్ డిస్క్‌తో పనిచేసే జూక్‌బాక్స్ ప్లేయర్ ఒకటి అమ్మేది. వస్తువు బాగానే ఉంది, దానిలోని ప్రోగ్రామ్ వాళ్ళకి నచ్చలేదు. బ్యోర్న్ స్టెన్‌బెర్గ్, లైనస్ నీల్సన్ ఫెల్ట్‌సింగ్, డేనియల్ స్టెన్‌బెర్గ్, మొదట్లో ప్రధానంగా వీళ్ళే. ఈ డేనియల్ ఎవరంటే, ఇవాళ ఫోన్లలో, టీవీల్లో, కార్లలో నెట్ నుంచి ఏదో ఒకటి తెచ్చిపెడుతూ ఉండే కర్ల్ అనే ప్రోగ్రామ్ రాసినాయన. కంపెనీ వాళ్ళకి ఏ పత్రమూ ఇవ్వలేదు. ఉన్న ప్రోగ్రామ్‌ని విప్పి చదివి, ఏ మీట దేనికి తగిలి ఉందో కనుక్కుని, మొదటినుంచీ సొంతంగా రాసుకొచ్చారు. రాసినదాన్ని జీపీఎల్ లైసెన్సు కింద పెట్టారు. ఎవరైనా చదవొచ్చు, మార్చొచ్చు. మార్చినదాన్ని పంచితే దాని సోర్సు కూడా పంచాలి.

అప్పట్లో ఎక్కించడం, తీసెయ్యడం నవ్వొచ్చేంత తేలిక. ఆర్కోస్ ప్లేయర్ ఆన్ అవగానే డిస్క్ మీద ఫలానా పేరుతో ఫైలు ఉందేమో చూసుకునేది. ఉంటే దాన్ని నడిపేది, లేకపోతే తన సొంతది నడిపేది. అంటే తీసెయ్యాలంటే ఒక్క ఫైలు డిలీట్ చేస్తే చాలు. తర్వాత ఐరివర్, ఐపాడ్, కవాన్, తోషిబా గిగాబీట్, శాన్‌డిస్క్ శాన్సా... ఒక్కొక్కటీ ఒక్కో రకం కొయ్య. చెక్కాల్సిన తీరు వేరు. కానీ సూత్రం మారలేదు. బూట్‌లోడర్ అని చిన్న ప్రోగ్రామ్ ఒకటి గుమ్మంలో నిలబడుతుంది. ప్లేయర్ ఆన్ చెయ్యగానే ఎవరింటికి వెళ్ళాలో అదే చూస్తుంది. మామూలుగా ఆన్ చేస్తే రాక్‌బాక్స్. శాన్సా క్లిప్ ప్లస్ మీదైతే ఎడమ బటన్ నొక్కిపట్టి ఆన్ చేస్తే కంపెనీ వాళ్ళ ఇల్లు. అది అలాగే ఉంటుంది, ఎవరూ పడగొట్టరు. పాతవాడిని వెళ్ళగొట్టకుండా పక్కనే ఇంకో గది కట్టుకుని ఉండటమన్నమాట. ఇంత మర్యాద కంపెనీలకి మన మీద ఏనాడూ లేదు.

ఇంకో మర్యాద కూడా చెప్పాలి. క్లిప్ లాంటి ప్లేయర్లలో కంపెనీ ఫర్మ్‌వేర్ ఫైలుకే ఈ బూట్‌లోడర్ కుట్టాలి. ఆ ఫైలు కంపెనీ సొత్తు కాబట్టి రాక్‌బాక్స్ వాళ్ళు దాన్ని పంచరు. నువ్వే తెచ్చుకో, ఎక్కడుందో చూపించు, కుట్టి ఇస్తాను అంటుంది వాళ్ళ ఇన్‌స్టాలర్. దొంగలు అన్నవాళ్ళకి ఈ ఒక్క వాక్యం చాలు.

సరే, ఇంతకీ కంపెనీ ఇచ్చినదానితో వచ్చిన కష్టమేంటి? ఐపాడ్ సంగతే చూద్దాం. 2001 అక్టోబర్ 23న ప్రకటించారు. అందమైన వస్తువు, ఆ చక్రం మీద వేలు తిప్పడం ఇప్పటికీ ఎవరికీ చేతకాని పని. కానీ మీరు అందులో పాట ఎక్కిస్తే ఏమయ్యేదో తెలుసా? ఐట్యూన్స్ దాన్ని తీసుకెళ్ళి కనపడని ఫోల్డర్‌లో, ఎఫ్ 00, ఎఫ్ 01 అనే అరల్లో, నాలుగు ఇంగ్లిష్ అక్షరాల అర్థంలేని పేరు తగిలించి పడేసేది. ఏ పాట ఎక్కడుందో ఒక డేటాబేస్‌కి తప్ప ఎవరికీ తెలీదు. మీరు ఏళ్ళ తరబడి సర్దుకున్న ఫోల్డర్లు, 'అమ్మ పెళ్ళి క్యాసెట్ నుంచి', 'ట్రైన్‌లో వినడానికి', 'వర్షం' - అన్నీ పోతాయి. వాటి బదులు ఆర్టిస్ట్, ఆల్బమ్, జాన్రా లాంటి గదులు ఇస్తారు. అందులో సర్దుకోండి అంటారు.

ఇక్కడే సాహిత్యానికి సంబంధం లేదన్న మా మిత్రుణ్ణి కాసేపు ఆగమంటాను. తెలుగు సినిమా పాటకి ఆర్టిస్ట్ ఎవరు? ఒకే పాటని మా నాన్న 'ఘంటసాల పాట' అంటాడు, మా బాబాయి 'ఆత్రేయ పాట' అంటాడు, సంగీతం నేర్చుకున్న పిన్ని 'మహదేవన్ పాట' అంటుంది, అమ్మ మాత్రం 'నాగేశ్వర్రావు పాట' అంటుంది. నలుగురూ కరెక్టే. ఆ నాలుగు పేర్లలో నాలుగు రకాల వినడం ఉంది. ఒకరు గొంతుని వింటున్నారు, ఒకరు మాటని, ఒకరు వరసని, ఒకరు తెరని. ఆర్టిస్ట్ అంటే పాడినవాడు అనే లెక్క ఎక్కడో రాక్ బ్యాండుల దేశంలో పుట్టింది. అక్కడ రాసేదీ, వరస కట్టేదీ, పాడేదీ ఎక్కువగా ఆ నలుగురే కాబట్టి వాళ్ళకి సరిపోయింది. మనకి అది ఇరుకు. పైగా మన పాటలు ఎక్కువమందికి చేరిన దారి మీకూ తెలుసు కదా. ఫైలు తెరిస్తే ఆర్టిస్ట్ దగ్గర ఒక దొంగ వెబ్‌సైటు పేరు, ఆల్బమ్ దగ్గర కూడా అదే పేరు, పాట రాసినాయన పేరు ఎక్కడా ఉండదు. ఐపాడ్‌లో ఎక్కిస్తే ఆత్రేయ, వేటూరి, సిరివెన్నెల అందరూ కలిసి ఆ వెబ్‌సైటు అనే ఏకైక గాయకుడి ఖాతాలోకి వెళ్ళేవాళ్ళు.

రాక్‌బాక్స్ ట్యాగులతో వెతుక్కోనిస్తుంది, కావాలంటే. కానీ మొదట చూపించేది మీ ఫోల్డర్లని, మీరు పెట్టిన పేర్లతో, మీరు పెట్టిన వరసలో. ఇది పెద్ద గొప్పా అని అడగొచ్చు. ఇంట్లో పుస్తకాల అర ఉన్నవాళ్ళు అడగరనుకుంటాను. ఎవరో వచ్చి మీ పుస్తకాలన్నీ ప్రచురణకర్తల వారీగా సర్ది, ఆ అరకి తాళం వేసి, పుస్తకం కావాలంటే నన్నడగండి అంటే ఊరుకుంటారా? చెలం పక్కన మీరు ఎవర్ని పెడతారో అది మీ విమర్శ. ఎవరి పక్కన ఎవర్ని వింటారో అదీ అంతే.

ఇంకొకటి, కచేరీలు. ఆలాపన ఒక ట్రాకు, కీర్తన ఒక ట్రాకు, తని ఆవర్తనం ఒక ట్రాకుగా కోసి సీడీ వేస్తారు. ఆలాపన చివరి స్వరం మీంచి కీర్తన ఎత్తుగడకి వెళ్ళే చోట ప్లేయర్ ఒక క్షణం గుటక మింగితే వినేవాడి ప్రాణం ఉసూరుమంటుంది. ట్రాకుల మధ్య సందు లేకుండా వినిపించడం రాక్‌బాక్స్ మొదట్నుంచీ పట్టించుకున్న పని. ఐపాడ్‌కి ఆ సంగతి 2006లో గానీ తట్టలేదు. మూడు నిమిషాల పాటలు అమ్ముకునేవాడికి ఆ సందు వినపడదు, అంతే తేడా.

ఇప్పుడు మావయ్య సంగతి. దీనికోసమే ఇంత దూరం వచ్చాను.

మా పెద్ద మావయ్యకి గ్లకోమాతో చూపు దాదాపు పోయింది. తెనాలిలో ఉంటాడు. రేడియో మనిషి. ఆకాశవాణి నాటకాలు, ఘంటసాల పద్యాలు, బాలమురళి, హరికథలు, ఇవి లేకపోతే పొద్దు గడవదు. ఎవరో ఒక బుల్లి ప్లేయర్ కొనిచ్చారు. ఏ కంపెనీదో ఇక్కడ అనవసరం. అగ్గిపెట్టె అంత ఉంటుంది, మెమరీ కార్డు పెట్టుకోవచ్చు, బటన్లు వేలికి తగులుతాయి. అన్నీ బాగున్నాయి, కానీ అందులో ఏముందో తెలియాలంటే తెర చూడాలి. ఆయన ఏం చేసేవాడంటే, బటన్ ఎన్నిసార్లు నొక్కితే ఏ పాట వస్తుందో లెక్కపెట్టి గుర్తుపెట్టుకునేవాడు. ఒక్కసారి లెక్క తప్పితే అత్తయ్యని పిలవాలి. అత్తయ్య వంటింట్లోంచి వచ్చి, కళ్ళజోడు వెతుక్కుని, తెర చూసి చెప్పాలి. "పాట వినడానికి కూడా ఇంకొకళ్ళని బతిమాలుకోవాలిరా" అన్నాడొకసారి, ఏదో మామూలు మాటలా.

రాక్‌బాక్స్‌లో మెనూలు మాట్లాడతాయి. ఎక్కడున్నావో, ఏం ఎంచుకున్నావో, బ్యాటరీ ఎంతుందో చెబుతుంది. ఏ కంపెనీ మార్కెట్ సర్వేలోనూ లేని ఈ పని, చూపులేనివాళ్ళు అడిగితే, కొందరు జీతం లేకుండా కూర్చుని చేశారు. నేను దాన్ని ఎక్కించి ఇచ్చాను. పావుగంట పట్టింది. కానీ అది ఇంగ్లిష్ గొంతు, ఫోల్డర్ పేర్లు కూడా ఇంగ్లిష్ యంత్రం పలికినట్టే. 'ఘంటసాల' అనే మాటని అది ఏం చేసిందో చెబితే పాపం తగులుతుంది. అయితే దానికీ దారి ఉంది. ప్రతి ఫోల్డర్‌లోనూ ఒక చిన్న ధ్వని ఫైలు పెట్టుకోవచ్చు. ఆ ఫోల్డర్ దగ్గరికి రాగానే యంత్రం గొంతు బదులు అది పలుకుతుంది. ఎవరి గొంతైనా, ఏ భాషైనా. నేను నా గొంతుతో ఇరవై పేర్లు రికార్డు చేసి తీసుకెళ్ళాను. మావయ్య రెండు రోజులు విని, "నీ గొంతు బస్టాండులో అనౌన్స్‌మెంటులా ఉందిరా, మీ అత్త చేత చెప్పించు" అన్నాడు. అత్తయ్య సిగ్గుపడుతూ, మధ్యలో కుక్కర్ కూతలకి ఆగుతూ, మొత్తం చెప్పింది. 'నాటకాలు.' 'పద్యాలు.' 'బాలమురళి.' 'నిద్రపట్టడానికి.' ఇక ఆవిణ్ణి వంటింట్లోంచి పిలవక్కర్లేకపోయింది. గంటసేపు నాటకం మధ్యలో ఆపేస్తే మర్నాడు అదే డైలాగ్ దగ్గర మొదలయ్యేది కూడా.

దీన్ని 'సరదా' అంటే నాకు ఒళ్ళు మండుతుంది.

చట్టవిరుద్ధం కాదా అని అడిగేవాళ్ళుంటారు. కాపీరైట్ చట్టం 52వ సెక్షన్‌లో (1)(ఏబీ) అని ఒక క్లాజు ఉంది, తీరిక ఉన్నప్పుడు చదవండి. న్యాయంగా మీ చేతికొచ్చిన ప్రోగ్రామ్‌తో, విడిగా సొంతంగా రాసిన మరో ప్రోగ్రామ్ కలిసి పనిచెయ్యడానికి కావాల్సిన సమాచారం ఇంకెక్కడా సులువుగా దొరక్కపోతే, దాన్ని రాబట్టడానికి అవసరమైన పని చెయ్యడం ఉల్లంఘన కాదు. ఆ పక్కనే (ఏసీ)లో, ప్రోగ్రామ్ ఎలా పనిచేస్తుందో గమనించడం, అధ్యయనం చెయ్యడం, పరీక్షించడం గురించి ఉంది. 2012 సవరణతో వచ్చిన 65ఏ సెక్షన్ తాళాలు పగలగొట్టడాన్ని నేరం చేసింది నిజమే, రెండేళ్ళ దాకా జైలు. కానీ హక్కుల్ని ఉల్లంఘించే ఉద్దేశంతో చేస్తేనే అని ఆ సెక్షన్‌లోనే రాసుంది. నేను లాయర్ని కాను. కానీ మా మావయ్య ఫోల్డర్ పేరు తెలుగులో వినడం ఎవరి హక్కుకి భంగమో ఏ లాయరైనా చెబితే వింటాను.

వారంటీ పోతుంది అంటారు. పోనివ్వండి. ఆ ప్లేయర్లలో చాలావాటికి వారంటీ ఎప్పుడో పోయింది, తర్వాత కంపెనీ పోయింది, లేదా ఆ వస్తువు తయారుచెయ్యడమే మానేసింది. ఐపాడ్ క్లాసిక్‌ని 2014లో ఆపేశారు, ఆఖరి ఐపాడ్ టచ్‌ని 2022 మే నెలలో. కంపెనీ చేతులు దులుపుకున్నాక కూడా ఆ వస్తువుల్లో చాలావాటికి కొత్త ప్రోగ్రామ్ దొరుకుతోందంటే అది జీతం తీసుకోనివాళ్ళ పుణ్యం. మధ్యలో ఏదో తేడా జరిగి ప్లేయర్ ఇక లేవకపోవచ్చు, ఆ భయం మాత్రం న్యాయమైనదే. ఒక్కో ప్లేయర్‌కి ఒక్కో రకం ప్రమాదం ఉంది, మాన్యువల్ చదవకుండా చేసేవాడికి నా సానుభూతి లేదు. కొన్నింట్లో బ్యాటరీ కంపెనీ ప్రోగ్రామ్‌తో వచ్చినంతసేపు రాదు. తాళం వేసి అమ్మిన పాటలు రాక్‌బాక్స్‌లో పలకవు. ఇవన్నీ వాళ్ళే రాసిపెట్టారు, నేను కనిపెట్టింది ఏమీ లేదు.

అడగాల్సిన ప్రశ్న ఇంకొకటి ఉంది. పాటకి తాళం వేశారంటే మ్యూజిక్ కంపెనీలు పట్టుబట్టాయి అనుకుందాం. ప్లేయర్ ప్రోగ్రామ్‌కి తాళం ఎవరి కోసం? 2006లో వచ్చిన రెండో తరం ఐపాడ్ నానో నుంచి యాపిల్ ఫర్మ్‌వేర్‌నే ఎన్‌క్రిప్ట్ చేసింది. దాంట్లోకి దూరడానికి కొందరు ఏళ్ళు కష్టపడ్డారు. చివరికి దారి ఎక్కడ దొరికింది? నోట్స్‌లో. ఐపాడ్‌లో చిన్నచిన్న టెక్స్ట్ ఫైళ్ళు చదువుకోవడానికి నోట్స్ అని ఒకటి ఉండేది. అందులో హద్దు మీరినంత పొడుగు లింకు ఒకటి పెడితే ప్రోగ్రామ్ తడబడి, తలుపు తీసింది. పాటల పెట్టెలోకి అక్షరాల దారిలో వెళ్ళారు. మా కవిమిత్రుడికి ఇదైనా నచ్చుతుందేమో.

ఇక మనవైపు చూసుకుందాం, ఎందుకంటే తిట్లన్నీ కంపెనీలకే పంచడం సుఖంగా ఉంటుంది. రాక్‌బాక్స్‌లో తెలుగు మెనూ లేదు. ఫైలుకి తెలుగులో పేరు పెట్టి, తెలుగు అక్షరాలున్న యూనిఫాంట్ ఎక్కించి చూడండి. అక్షరాలు కనిపిస్తాయి, కానీ ఏ అక్షరం దానిదే. గుణింతం ఒకచోట, హల్లు ఒకచోట, ఒత్తులు పొల్లుతో విడిపోయి పక్కన పడతాయి. 'కృష్ణశాస్త్రి' అని చదవాలంటే ముందు కృష్ణశాస్త్రి అని తెలిసుండాలి. అరబిక్ అక్షరాలు ఒకదానికొకటి అతుక్కునే ఏర్పాటు ఉంది, హీబ్రూలా కుడినుంచి ఎడమకి రాసే లిపులకీ ఉంది. ఆ భాషలవాళ్ళు ఎవరో కూర్చుని రాశారు కాబట్టి ఉంది. సోర్సు అందరికీ తెరిచే ఉంది, ఇరవయ్యేళ్ళ పైనుంచీ. గచ్చిబౌలిలో ఒక్క లిఫ్టులో ఎక్కేవాళ్ళు చాలు ఈ పని చెయ్యడానికి. తెలుగు యూనికోడ్ గురించి, భాషాభిమానం గురించి ఏటా సభలు పెట్టేవాళ్ళం, డాలస్‌లోనూ పెట్టేవాళ్ళం. నన్నూ కలుపుకునే అంటున్నాను. అత్తయ్య చేత పేర్లు చెప్పించాను గానీ ఒత్తు కూర్చునేలా నాలుగు లైన్ల కోడ్ రాయలేదు.

ఈమధ్య ఇంకో ముచ్చట మొదలైంది. పాత ఐపాడ్‌లు వెతికి కొని, హార్డ్ డిస్క్ పీకేసి మెమరీ కార్డు పెట్టి, కొత్త బ్యాటరీ వేసి, రాక్‌బాక్స్ ఎక్కించి, పారదర్శకమైన వెనక డొప్ప బిగించి ఫొటోలు పెట్టడం. చూడటానికి బాగుంటాయి, కాదనను. కానీ అందులో పాటలు ఏమున్నాయో ఫొటో కింద ఎవరూ రాయరు. తిరుగుబాటు అంటూ ఇన్‌స్టాల్ గురించి మాట్లాడేవాళ్ళే అందరూ. ఇన్‌స్టాల్‌లో తిరుగుబాటు ఏముంది? ప్రతి కంపెనీ నీతో చేయించాలనుకునే పనే అది. సంగతంతా రెండో సగంలో ఉంది.

పోయిన ఏడాది మావయ్య ఆ ప్లేయర్ పక్కన పెట్టేశాడు. ఫోన్ మాట్లాడుతోంది ఇప్పుడు, తెరమీద వేలు పెడితే తెలుగులో చదివి వినిపిస్తుంది, ఆయనకి అది చాలు. సంతోషమే. వదిన ఫోన్ చేసి, "దాన్ని పాపకి ఇచ్చేద్దామనుకుంటున్నాం, అది ఆ బొమ్మల మెనూ కావాలంటోంది. మామూలుగా చేసిపెట్టవా?" అంది. పాప అంటే మావయ్య మనవరాలు, ఆరో క్లాసు. దానికి రాక్‌బాక్స్ నల్ల తెర నచ్చలేదు. ఈక్వలైజర్ చూపించాను, ఆటలున్నాయి చూడమన్నాను. ససేమిరా. నిజం చెప్పొద్దూ, కాస్త చివుక్కుమంది. తర్వాత అనిపించింది, దానికి వద్దనే హక్కు ఉంది కదా, నాకు కావాలనే హక్కు ఉన్నట్టే.

యూఎస్‌బీ పెట్టాను. దాచుకున్న కంపెనీ ఫైలు కాపీ చేశాను. తీసెయ్యగానే ప్లేయర్ తనంతట తాను అప్‌డేట్ చేసుకుని మళ్ళీ లేచింది. రాక్‌బాక్స్ ఫోల్డర్ తుడిచేశాను. టీ పెట్టుకున్నంతసేపు కూడా పట్టలేదు. ఏ మచ్చా లేదు. పాటలన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి. అత్తయ్య గొంతు ఫైళ్ళు కూడా ఆ ఫోల్డర్లలోనే ఉన్నాయి, కాకపోతే ఇప్పుడు వాటిని పలికించేవాడు లేడు.

అదే నెలలో మా ఇంట్లో టీవీతో పోట్లాట. ఆన్ చెయ్యగానే నేను చందా కట్టని నాలుగు సర్వీసుల ప్రకటనలు. వాటి యాప్‌లు తీసేద్దామని వెళ్తే 'అన్‌ఇన్‌స్టాల్' అనే మాట బూడిదరంగులో ఉంటుంది, నొక్కితే కదలదు. రిమోట్ మీద కూడా వాళ్ళ పేర్లతో బటన్లు, అవి తీసెయ్యాలంటే బ్లేడు కావాలి. కస్టమర్ కేర్ అమ్మాయిని అడిగితే "అవి సిస్టమ్ యాప్స్ సార్" అంది. నలభై వేలు పెట్టి కొన్న వస్తువులో సిస్టమ్ ఎవరిదో అప్పుడు అర్థమైంది.

నా ఒక్కడి గొడవ అయితే ఇంత రాయను. 2022 అక్టోబర్‌లో మన కాంపిటిషన్ కమిషన్ ఆండ్రాయిడ్ ఫోన్ల వ్యవహారంలో గూగుల్‌కి 1337.76 కోట్ల రూపాయల జరిమానా వేసింది. అందరికీ ఆ అంకె గుర్తుంది. ఆ ఉత్తర్వులో ఇంకో ఆదేశం ఉంది: ముందే వేసి ఇచ్చిన తన యాప్‌లని వినియోగదారులు తీసెయ్యకుండా గూగుల్ అడ్డుకోకూడదు. 2023 మార్చిలో అప్పీలు ట్రిబ్యునల్ జరిమానాని నిలబెట్టింది, కొన్ని ఆదేశాల్ని మాత్రం కొట్టేసింది. కొట్టేసినవాటిలో ఇదొకటి. తప్పు చేసినందుకు డబ్బు కట్టు, తలుపు మాత్రం మూసే ఉంచుకో. ఇంత పెద్ద విషయం మీద మన పత్రికల్లో, వెబ్‌జైన్లలో ఒక్క వ్యాసం నా కంటపడలేదు. యాప్‌ని 'డిజేబుల్' చేసుకోవచ్చు కదా అంటారు. అంటే ఇంట్లోనే ఉంటుంది, చోటు దానిదే, కళ్ళు మూసుకుని ఉంటుంది.

2022లోనే కేంద్ర ప్రభుత్వం రిపేరు హక్కు మీద ఒక కమిటీ వేసింది, డిసెంబర్‌లో పోర్టల్ కూడా తెరిచింది. ట్రాక్టర్లు, ఫోన్లు, ఫ్రిజ్జులు, కార్లు. మంచిదే, స్క్రూలు విప్పుకోనిచ్చినందుకు సంతోషం. కానీ ఈ రోజుల్లో వస్తువు పాడయ్యేది స్క్రూల దగ్గర కాదు. ఒక ఉదయం లేచేసరికి అప్‌డేట్ వచ్చి నిన్నటిదాకా ఉన్న బటన్ ఉండదు. పాత ప్రోగ్రామ్‌కి తిరిగి వెళ్తానంటే దారి ఉండదు. విడిభాగం కొనుక్కునే హక్కుతోపాటు వెనక్కి వెళ్ళే హక్కు కూడా రాయండి అందులో. వస్తువు అమ్మిన ప్రతివాడూ మొదటి రోజు ఏ ప్రోగ్రామ్‌తో అమ్మాడో ఆ ఫైలు ఇవ్వాలి, దాన్ని తిరిగి ఎక్కించే పద్ధతి పుస్తకంలో అచ్చెయ్యాలి, తను అమ్మడం మానేసిన రోజున తాళంచెవి కొన్నవాడి చేతిలో పెట్టాలి. జీతాల్లేని స్వీడన్ వాళ్ళు ఇంటర్నెట్ మూలన కూర్చుని మొదలుపెట్టగలిగిన పద్ధతి, వేల కోట్ల కంపెనీలకి చేతకాదంటే నమ్మమంటారా?

మీ సొరుగులో పాత ప్లేయర్ ఏదైనా పడి ఉంటే, ఐపాడో, శాన్సానో, బయటికి తీసి ఛార్జింగ్ పెట్టండి. లేస్తే అది ఏ మోడలో, ఎన్నో వెర్షనో సరిగ్గా చూసుకోండి, ఒకే పేరుతో లోపల వేరే వస్తువులు అమ్మేవాళ్ళు. ఐపాడ్ అయితే డిస్క్ ఫ్యాట్ 32లో ఉండాలి, యాపిల్ కంప్యూటర్‌తో ఫార్మాట్ చేసి ఉంటే మార్చుకోవాలి. క్లిప్ అయితే యూఎస్‌బీ మోడ్‌ని ముందు ఎం.ఎస్.సి.కి మార్చండి, లేకపోతే కంప్యూటర్‌కి అది డిస్క్‌లా కనపడదు. అన్నిటికన్నా ముందు కంపెనీ ఒరిజినల్ ఫైలు దింపుకుని రెండుచోట్ల దాచండి, ఆ లింకులు ఒక్కొక్కటే పోతున్నాయి. మాన్యువల్‌లో ఇన్‌స్టాల్ పేజీ తర్వాత చదువుకోవచ్చు. ముందు దాని కిందది చదవండి.